హాస్టల్ కంప్యూటర్, వైర్‌లెస్ కంట్రోలర్, ఎవరికీ తెలియని పాస్‌వర్డ్

 

పోస్టు పొడుగు ఉంటది, ఓపికతో చదవండి. ఇది గేమ్ కంట్రోలర్ గురించి. అవును, చేతిలో పట్టుకుని ఆటలు ఆడే ఆ రిమోట్ గురించే. జీవో 3, పోడు పట్టాలు, డీఎస్సీ, గ్రూప్స్ మాట్లాడుకునే చోట ఇదేంది అని పెద్దన్నలు కొందరు అంటరని మాకు తెలుసు. అయినా రాస్తున్నాం. ఎందుకంటే ఈ చిన్న వస్తువు వెనక ఒక పెద్ద ప్రశ్న ఉంది. మన పిల్లల ముందున్న కంప్యూటర్‌కి తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలి అనేది ఆ ప్రశ్న.

మేము నలుగురం. ఇద్దరం ఇంజినీరింగ్, ఒకరు ఐటీఐ, ఒకరు డిగ్రీ. సెలవులకు గూడేలకు, తండాలకు వచ్చినప్పుడు పాత కంప్యూటర్లకు లినక్స్ వేస్తుంటాం. ఆఫీసుల్లో వాడి తీసేసి, మన పిల్లలకని ఎవరో ఇచ్చిన మిషన్లు అవి. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్టు అయిపోయింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే చిప్ ఉండాలి, ఇంటెల్‌లో అయితే దాదాపు ఎనిమిదో తరం ప్రాసెసర్ నుంచే ఒప్పుకుంటది. మన దగ్గరికొచ్చే డబ్బాలకు అంత స్థోమత ఉండదు. వాటిమీద మింట్, ఉబుంటు లాంటివి వేస్తే ఇంకో ఐదారేళ్ళు బతుకుతాయి. కాబట్టి లినక్స్ మనకు షోకు కాదు, ఉన్నదాంట్లో బతకడం.

లినక్స్ వేసిన వారంలోపే పిల్లల నుంచి వచ్చే మొదటి ఫోన్ ఎప్పుడూ ఒకటే: "అన్నా, కంట్రోలర్ కలుస్తలేదు." ఎక్సెల్ గురించి కాదు, ప్రింటర్ గురించి కాదు. దానికి పెద్దల దగ్గర రెండు జవాబులున్నాయి. ఒకటి, ఆటలెందుకు, చదువుకోండి. రెండోది, ఆ లినక్స్ తీసేసి ఎక్కడన్నా దొంగ విండోస్ తెచ్చి ఎక్కించుకోండి. రెండూ తప్పే అంటున్నాం మేము.

ముందు కంట్రోలరే ఎందుకు, కీబోర్డు చాలదా అన్నదానికి జవాబు. హాస్టల్లో ఒక కంప్యూటర్ ముందు ఒక్కడు కూర్చోడు, ఆరుగురు కూర్చుంటారు. సూపర్ టక్స్ కార్ట్ అని ఉచిత కార్ల పందెం ఆట ఉంది, పాత మిషన్‌లో కూడా ఆడొచ్చు. తెరను ముక్కలు చేసి నలుగురూ ఒకేసారి ఆడొచ్చు. కానీ మామూలు కీబోర్డులో ఒకేసారి ఎక్కువ మీటలు నొక్కితే కొన్ని అందవు, దాని లోపలి తీగల అమరికే అట్ల ఉంటది. ముగ్గురు నొక్కితే నాలుగోవాడి కారు గోడకు గుద్దుకుంటది, తర్వాత వాడు పక్కోన్ని గుద్దుతాడు. కంట్రోలర్లు ఉంటే ఎవరి చేతిలోది వాళ్ళది, ఎవరి కారు వాళ్ళది.

ఇప్పుడు అసలు పని. కమాండ్ల పేర్లు ఇక్కడ తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాం. టైపు చేసేటప్పుడు ఇంగ్లిష్‌లో, అన్నీ చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టండి.

వైర్‌లెస్ అని ఒకే మాట అంటాం గానీ అందులో మూడు రకాలున్నాయి. ఇది తెలియకపోతే సగం రోజు వృథా. మొదటిది, పెట్టెలోనే బొటనవేలంత యూఎస్‌బీ డాంగిల్ ఇచ్చే రకం. కోఠిలోనో సికింద్రాబాద్ సీటీసీలోనో మన బడ్జెట్‌కు దొరికేవి ఎక్కువగా ఇవే. రెండోది బ్లూటూత్ రకం. మూడోది కంపెనీ సొంత రేడియో వాడే రకం, దానికి ఆ కంపెనీ అడాప్టరే కావాలి.

డాంగిల్ రకం అన్నిటికన్నా సులువు. డాంగిల్ పెట్టి, టెర్మినల్‌లో ఎల్ఎస్‌యూఎస్‌బీ అని కొట్టండి. కంప్యూటర్‌కి తగిలించిన వస్తువుల జాబితా వస్తది. డాంగిల్ తీసి ఇంకోసారి కొట్టండి. ఏ వరుస మాయమైందో అదే మన వస్తువు. చవక కంట్రోలర్లు చాలా వరకు "నేను ఎక్స్‌బాక్స్ 360 కంట్రోలర్‌ని" అని వేషం వేసుకుని వస్తాయి. వేషమే అయినా మనకు మంచిదే, ఎందుకంటే దానికి కావలసిన ఎక్స్‌ప్యాడ్ అనే డ్రైవర్ లినక్స్ కెర్నెల్‌లో ఎప్పటినుంచో ఉంది. కలవలేదంటే ఎక్కువ సార్లు మోడ్ తేడా. ఈ కంట్రోలర్లకు ఆండ్రాయిడ్‌కు ఒక మోడ్, ప్లేస్టేషన్‌కు ఒక మోడ్, పీసీకి ఒక మోడ్ ఉంటాయి. మధ్య బటన్ కొన్ని సెకన్లు పట్టి ఉంచితే లైట్ మారుతది. మార్చి మళ్ళీ ఎల్ఎస్‌యూఎస్‌బీ కొట్టి చూడండి, అదే వస్తువు పేరు మారి కనిపిస్తది. ఆ పేరు మారడం మొదటిసారి చూసిన పిల్లల మొహాలు చూడాలి. కంప్యూటర్ లోపల వస్తువులు ఒకదానికొకటి పేరు చెప్పుకుంటాయని ఏ పుస్తకం చదవకుండానే అర్థమైపోతది.

బ్లూటూత్ దగ్గరే తిప్పలు. ముందు కంప్యూటర్‌లో బ్లూటూత్ ఉందా చూడాలి. పాత డెస్క్‌టాప్‌లో ఉండదు, చిన్న అడాప్టర్ కొనాలి. ఈ అడాప్టర్లలో నకిలీలు ఎంత ఎక్కువంటే, సీఎస్ఆర్ అనే చిప్ పేరు పెట్టుకున్న నకిలీలను గుర్తుపట్టి సర్దుకునేందుకు లినక్స్ కెర్నెల్‌లోనే ప్రత్యేకంగా కోడ్ రాసి పెట్టారు. కాబట్టి మరీ చవకది కొని కంట్రోలర్‌ను తిట్టకండి. అడాప్టర్‌ను నీలం రంగు యూఎస్‌బీ 3 పోర్టు పక్కన పెట్టొద్దు. యూఎస్‌బీ 3 నుంచి వచ్చే రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర పడతది, బ్లూటూత్ నడిచేది కూడా అక్కడే. వెనక ఉన్న నల్ల పోర్టులో పెట్టండి, లేదా మూరెడు ఎక్స్‌టెన్షన్ వైరుతో ముందుకు తీసుకురండి. బటన్ నొక్కినాక కారు ఆలస్యంగా తిరగడం, మధ్యమధ్యలో కంట్రోలర్ ఊడిపోవడం ఈ ఒక్క పనితో తగ్గిన సందర్భాలు మేము చూశాం.

కంట్రోలర్‌ను జత కట్టే స్థితిలోకి తేవాలి. ప్లేస్టేషన్ 4ది అయితే షేర్, పీఎస్ బటన్లు రెండూ కలిపి పట్టుకోవాలి, లైటు టపటపా కొట్టుకునేదాకా. ప్లేస్టేషన్ 5ది అయితే షేర్ స్థానంలో క్రియేట్ బటన్. ఎక్స్‌బాక్స్‌కు పైభాగాన కేబుల్ రంధ్రం పక్కన చిన్న బటన్ ఉంటది. తర్వాత బ్లూటూత్‌సీటీఎల్ తెరిచి స్కాన్ ఆన్, ఆ తర్వాత పెయిర్, ట్రస్ట్, కనెక్ట్. ఈ మూడింటికీ పక్కన కంట్రోలర్ అడ్రస్ కొట్టాలి. ట్రస్ట్ దాటేయకండి. పెయిర్ అంటే పరిచయం, ట్రస్ట్ అంటే ఇంకోసారి వస్తే అడగకుండా లోపలికి రానివ్వడం. అది చెయ్యకపోతే ఇవాళ పనిచేసిన కంట్రోలర్ రేపు పొద్దున తనంతట తాను కలవదు, "లినక్స్ ఇంతే" అని మాట పడతది.

మూడో రకానికి మంచి ఉదాహరణ 2013లో ఎక్స్‌బాక్స్ వన్‌తో వచ్చిన మొదటి కంట్రోలర్లు. వాటిలో బ్లూటూత్ లేనే లేదు. 2016 నుంచి వచ్చిన వాటిలో ఉంది. సెకండ్‌హ్యాండ్ కొనేవాళ్ళు ఒక్కటి చూడండి: మధ్యలో ఎక్స్ గుర్తు బటన్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ పైన భుజం బటన్ల ముక్కతో కలిసి ఉంటే బ్లూటూత్ లేదు. ముందు ముఖంతో కలిసి ఉంటే ఉంది. లేనిది కొన్నారంటే మైక్రోసాఫ్ట్ అడాప్టర్ కావాలి, లినక్స్‌లో ఎక్స్‌వన్ అనే డ్రైవర్ విడిగా ఎక్కించాలి. కేబుల్‌తో అయితే ఏ గొడవా లేకుండా నడుస్తది. కేబుల్ అంటే డేటా కేబుల్. ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుళ్ళు మన బ్యాగుల్లో బోలెడు, అందులో డేటా తీగలు ఉండవు.

కలిసిందో లేదో చూడటానికి జేఎస్‌టెస్ట్ ఉంది. బటన్ నొక్కితే తెరమీద అంకె మారుతది. అక్కడ మారుతూ ఆటలో పనిచెయ్యకపోతే తప్పు ఆటది, లేదా బటన్ల పటానిది. అక్కడే మారకపోతే తప్పు కింద ఉంది. ఇట్ల ఒక్కొక్క మెట్టు దిగుతూ తప్పు ఎక్కడుందో పట్టుకోవడమే కదా ఇంజినీరింగ్ అంటే. మాలో ఇద్దరం బీటెక్ మూడో ఏడాది దాకా ఈ పద్ధతి ఎవరి నోటా వినలేదు.

ఇంక డ్రైవర్ల కథ. ప్లేస్టేషన్ 5 కంట్రోలర్‌కు లినక్స్ డ్రైవర్‌ను సోనీ వాళ్ళే రాసి ఇచ్చారు. 2021లో వచ్చిన 5.12 కెర్నెల్‌లో అది చేరింది. నింటెండో స్విచ్ కంట్రోలర్‌కు కంపెనీ ఏమీ ఇవ్వలేదు. బయటివాళ్ళే దాని భాష విప్పుకుని డ్రైవర్ రాశారు, 2022 జనవరిలో వచ్చిన 5.16 కెర్నెల్‌లో చేరింది. ఎక్స్‌బాక్స్‌ను బ్లూటూత్ మీద బాగా నడిపే ఎక్స్‌ప్యాడ్‌నియో ఇప్పటికీ విడిగా ఎక్కించుకోవాల్సిందే. దీనర్థం ఏంటంటే, కెర్నెల్ పాతదైతే కంట్రోలర్ ఎంత మంచిదైనా పూర్తిగా పనిచెయ్యదు. కెర్నెల్ కొత్తది చెయ్యాలి, లేదా డ్రైవర్ ఎక్కించాలి.

ఎక్కించాలంటే సుడో. సుడో అంటే పాస్‌వర్డ్.

మన పిల్లలు ఆగిపోయేది ఇక్కడ. ఎల్ఎస్‌యూఎస్‌బీ కొట్టగలరు, మోడ్ మార్చగలరు, జత కట్టగలరు. బ్లూటూత్ సర్వీసే ఆపేసి ఉంటే మొదలుపెట్టడానికి పాస్‌వర్డ్ కావాలి. జేఎస్‌టెస్ట్ ప్యాకేజీ లేకపోతే వేయడానికి పాస్‌వర్డ్ కావాలి. కెర్నెల్ ఏమంటుందో చదివే డీ-ఎం-ఇ-ఎస్-జీ కమాండ్ కూడా ఇప్పుడు చాలా డిస్ట్రోల్లో పాస్‌వర్డ్ లేకుండా నడవదు. మేము చూసిన ఒక హాస్టల్లో ఆ పాస్‌వర్డ్ వార్డెన్ సార్‌కు తెలియదు, వాచ్‌మెన్‌కు తెలియదు, కంప్యూటర్ చెప్పే టీచర్‌కూ తెలియదు. మిషన్లు బిగించిన కాంట్రాక్టు మనిషికి తెలుసట. ఆయన ఫోన్ నంబర్ గోడమీద ఉంది, స్విచ్ఛాఫ్ వస్తది. పదకొండు మిషన్లు, వాటిలో ఏదీ అక్కడ ఉండే మనుషుల మాట వినదు. కొండమీది చెట్టు మనది, దాని లెక్క మాత్రం వేరే ఆఫీసులో ఉండటం మనకు కొత్తేం కాదనుకోండి.

"పాస్‌వర్డ్ ఇస్తే పిల్లలు చెడగొడతారు" అనేది వార్డెన్ల వాదన. దీన్ని మేము కొట్టిపారెయ్యం. ఎందుకంటే ఇంటర్నెట్లో కంట్రోలర్ కోసం వెతికితే దొరికే సలహాల్లో కొన్ని నిజంగానే ప్రమాదం. "పర్మిషన్ డినైడ్" అని వస్తే మీ యూజర్‌ను ఇన్‌పుట్ గ్రూపులో కలిపేయండి, లేదా ఆ ఫోల్డర్‌లోని ఫైళ్ళన్నిటికీ అందరికీ అనుమతి ఇచ్చేయండి అని చెప్తారు. పనైతే అయిపోతది. కానీ ఆ ఫోల్డర్‌లో కంట్రోలర్ ఒక్కటే లేదు, కీబోర్డు కూడా ఉంది. దాన్ని చదివే అనుమతి దొరికిన ఏ ప్రోగ్రామైనా ఆ కంప్యూటర్‌లో నొక్కిన ప్రతి మీటనూ రాసిపెట్టుకోగలదు. మన హాస్టల్ కంప్యూటర్‌లో ఏం కొడతారు? ఈ-పాస్ స్కాలర్‌షిప్ అప్లికేషన్, జ్ఞానభూమి లాగిన్, ఆధార్ నంబర్, అమ్మ పేరు మీది బ్యాంకు ఖాతా. కారు ఆట కోసం వీటన్నిటికీ తలుపు తీసి పెడతామా?

లినక్స్ చేసినవాళ్ళకు ఈ సంగతి ముందే తెలుసు. అందుకే గేమ్ కంట్రోలర్ అని గుర్తుపట్టిన వస్తువుకు మాత్రం, ఆ మిషన్ ముందు కూర్చుని లాగిన్ అయినవాళ్ళకు అనుమతి తానే ఇస్తది. కీబోర్డుకు ఇవ్వదు. ఏదైనా కంట్రోలర్‌ను అది గుర్తుపట్టకపోతే, ఆ ఒక్క వస్తువు పేరు మీద యూడెవ్ రూల్ అని ఒక్క వరుస రాస్తే చాలు. స్టీమ్ డివైసెస్ అనే చిన్న ప్యాకేజీలో చాలా కంట్రోలర్లకు ఇట్లాంటి వరుసలు రాసే ఉన్నాయి, స్టీమ్ ఆటలు ఆడకపోయినా అది పనికొస్తది. ఊరందరికీ తాళంచెవి పంచడం ఒకటి, ఒక గదికి ఒక మనిషిని అనుమతించడం ఒకటి. ఈ తేడా తెలిసిన పిల్లకు రేపు బ్యాంకు వెబ్‌సైట్ అయినా, ఊరి గ్రామసభ రికార్డు అయినా, ఎవరికి ఏది కనిపించాలో అడగడం వస్తది.

ప్లేస్టేషన్ 3 కంట్రోలర్ సంగతి కూడా ఇట్లాంటిదే. పాతవి, చవకగా వస్తాయి, అందుకని మనోళ్ళు కొంటారు. 2023 చివర్లో బ్లూటూత్‌లో ఒక లోపం బయటపడ్డది. జత కట్టని పరికరం నేను కీబోర్డునని చెప్పి లోపలికి దూరి మీటలు కొట్టగలిగేది. దాన్ని మూసేయడానికి బ్లూజ్ కొత్త వెర్షన్లలో, సరిగ్గా జత కట్టని ఇట్లాంటి పరికరాలను రానివ్వకుండా చేశారు. ప్లేస్టేషన్ 3 కంట్రోలర్ పాత పద్ధతిది, అట్ల జత కట్టదు, బయటే ఆగిపోతది. సెట్టింగు ఫైల్‌లో ఒక వరుస మారిస్తే వస్తది, దాంతోపాటు ఆ పాత కంత కూడా తెరుచుకుంటది. ఇంట్లో ఒక్కరే వాడే మిషన్ అయితే మీ ఇష్టం. నలభై మంది వాడే హాస్టల్ మిషన్‌లో చెయ్యొద్దు. ఆ కంట్రోలర్‌ను కేబుల్‌తో ఆడుకోండి, మూడడుగులు దగ్గర కూర్చుంటే పోయేదేం లేదు.

కాబట్టి వార్డెన్ సార్లకు మేము చెప్పేది ఇది. పిల్లలు చెడగొడతారనే భయానికి మందు తాళం దాచడం కాదు. ఒక్క మిషన్ విడిగా పెట్టండి. దానిమీద స్కాలర్‌షిప్ పని చెయ్యొద్దని కాగితం అంటించండి. దాని పాస్‌వర్డ్ పిల్లలకే ఇవ్వండి, ప్రతి తరగతి నుంచి ఒక అబ్బాయికి, ఒక అమ్మాయికి. అమ్మాయి అని గట్టిగా చెప్తున్నాం, ఎందుకంటే కంట్రోలర్ అనగానే అబ్బాయిల చేతిలోకే పోతది, అమ్మాయిలు వెనక నిలబడి చూస్తారు. చెడిపోతే? చెడిపోనివ్వండి. పెన్‌డ్రైవ్‌తో లినక్స్ మళ్ళీ వేయడం ఒక పూట పని కూడా కాదు. అదీ పిల్లలే వేస్తారు. హార్డ్‌డిస్క్ ముట్టుకోకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిపే పద్ధతి కూడా ఉంది, మొదటి నెల దానితోనే నేర్పొచ్చు. డ్రైవర్ ఎక్కించేటప్పుడు సెక్యూర్ బూట్ ఉన్న మిషన్ అయితే రీస్టార్ట్‌లో నీలం తెర వచ్చి ఒక పాస్‌వర్డ్ అడుగుతది. భయపడకండి, మీరు ముందు పెట్టిందే అది, కొట్టి ముందుకు పోవడమే.

"మన పిల్లలకు ఇవన్నీ ఎందుకు, అవి సిటీ పిల్లల ఆటలు" అన్న అన్నలకు ఒక్క మాట. ఈ కంట్రోలర్‌ను లినక్స్ చదివే దారిలోనే రోబోను నడిపే కంట్రోలర్‌ను కూడా చదువుతది. రోబోటిక్స్ ల్యాబుల్లో వాడే ఆర్ఓఎస్‌లో జాయ్‌స్టిక్‌తో బండి నడిపే ప్యాకేజీ ఉంది, మేము మొదట ఆటకు జత కట్టిన కంట్రోలర్‌నే మాలో ఒకరు కాలేజీ ప్రాజెక్టుకు వాడారు. చెయ్యి సరిగా పనిచెయ్యని వాళ్ళ కోసం మైక్రోసాఫ్ట్ 2018లో పెద్ద పెద్ద మీటలతో అడాప్టివ్ కంట్రోలర్ తెచ్చింది, అదీ ఈ జాతి వస్తువే. అదే 2018లో గుంజాల గోండి లిపి యూనికోడ్‌లోకి వచ్చింది. మన ఆదిలాబాద్ లిపికి ప్రపంచంలోని కంప్యూటర్లలో చోటు ఎట్ల దొరికింది? ఎవరో కూర్చుని ఒక్కొక్క అక్షరానికి లెక్క రాసి, అర్జీ పెట్టి, తిరిగి తిరిగి అడిగితే దొరికింది. కంప్యూటర్ లోపల ఏముందో అడిగే అలవాటు ఎక్కడో ఒకచోట మొదలవ్వాలి. పదమూడేళ్ళ పిల్లకు అది యూనికోడ్‌తో మొదలవ్వదు, కారు పందెంతో మొదలైతది.

ఇంక పిల్లలకు. కంట్రోలర్ కలిస్తే కలిసిందని ఊరుకోకండి. ఒక చీటీ మీద నాలుగు ముక్కలు రాయండి: కంట్రోలర్ పేరు, ఎల్ఎస్‌యూఎస్‌బీలో కనిపించిన అంకెలు, ఏ మోడ్‌లో పనిచేసింది, కెర్నెల్ నంబర్ ఎంత. మానిటర్ పక్కన అంటించండి. తెలుగులో రాయండి, గోండిలో, కోయలో, లంబాడీలో రాసినా మంచిదే. వచ్చే ఏడాది మీ మంచం మీద పడుకునే తమ్ముడికి అదే పాఠ్యపుస్తకం.

హాస్టల్ పేరెంట్స్ కమిటీలో ఉన్నవాళ్ళు, విద్యార్థి సంఘాల అన్నలు ఈసారి అర్జీ పెట్టేటప్పుడు మెనూ, దుప్పట్లు, నీళ్ళ మోటారుతో పాటు ఇవీ చేర్చండి. ప్రతి కంప్యూటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ సీల్ చేసిన కవరులో హాస్టల్ రికార్డుల్లో ఉండాలి. ఒక్క మిషన్ పాస్‌వర్డ్ పిల్లల దగ్గర ఉండాలి. కొత్తగా ఎవరు మిషన్లు బిగించినా పాస్‌వర్డ్ రాసిచ్చినాకే బిల్లు మీద సంతకం పెట్టాలి. అర్జీ నకలు మీద తప్పకుండా రసీదు ముద్ర వేయించుకోండి.